కోతకు ముందు కొలత

రెండో ప్రపంచయుద్ధంలో వేలాదిమంది అమెరికన్ సైనికులను ఆసుపత్రి పాలు చేసిన జబ్బు ఒకటుంది. దానికీ తుపాకులకూ, బాంబులకూ సంబంధం లేదు. నడుము కింద, తోకఎముక దగ్గర, పిరుదుల మధ్య గాడిలో వచ్చే చీముపుండు అది. 1941 నుంచి 1945 దాకా సుమారు 79 వేల మంది సైనికులు దాని మూలంగా ఆసుపత్రిలో చేరారు. సగటున ఒక్కొక్కరు 55 రోజులు అక్కడే ఉండిపోయారు. ఎగుడుదిగుడు దారుల్లో గంటల తరబడి జీపుల్లో కూర్చునే కుర్రాళ్లలో ఎక్కువగా కనిపిస్తోందని, మేయో క్లినిక్ సర్జన్ లూయీ బ్యూయీ 1944లో రాసిన వ్యాసంలో దాన్ని ‘జీపు జబ్బు’ అన్నారు. వైద్యపుస్తకాల్లో దాని పేరు పైలోనైడల్ సైనస్. జలుబు చేసినప్పుడు ముక్కు పక్కన నొప్పెట్టే సైనస్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు.

నేను విజయవాడలో స్కానింగ్ డాక్టర్ని. ఆటోనగర్ మాకు దగ్గరే. లారీ డ్రైవర్లు, క్లీనర్లు, బాడీ బిల్డింగ్ షెడ్లలో పనిచేసే కుర్రాళ్లు, వాళ్లతోపాటు పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుపోయే సాఫ్ట్‌వేర్ పిల్లలు ఈ పుండుతో మా గదికి వస్తుంటారు. జబ్బు చెప్పుకోలేని చోట ఉంది కాబట్టి చాలామంది ఆలస్యంగా వస్తారు. లోదుస్తులకు చీము అంటుతోందని అమ్మకు కూడా చెప్పకుండా నెలల తరబడి దాచుకున్నవాళ్లను చూశాను. బల్ల మీద బోర్లా పడుకోగానే వాళ్లు అడిగేది దాదాపు ఒకే ప్రశ్న: “ఎన్నాళ్లు పడుతుంది మేడమ్? బండి ఈఎంఐ కట్టాలి.”

ఆ 55 రోజుల లెక్క మొదటిసారి చదివినప్పుడు నాకు ఈ ప్రశ్నే గుర్తొచ్చింది. గోటి వెడల్పు కూడా లేని చిల్లికి అన్నాళ్లు మంచమా? ఆ రోజుల్లో ఎక్కువ భాగం జబ్బువి కావు, ఆపరేషన్ కోతవి. పుండు చిన్నది, దానికోసం పెట్టిన గాయం పెద్దది. ఆ గాయం ఎంత ఉండాలో ఎవరు నిర్ణయించారు, ఏ ఆధారంతో నిర్ణయించారు అని వెతుక్కుంటూ పోతే దాదాపు రెండు వందల ఏళ్ల కథ బయటపడింది.

1833లో లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి సర్జన్ హెర్బర్ట్ మేయో ఒక స్త్రీకి ఆ చోట వచ్చిన, లోపల వెంట్రుకలున్న పుండు గురించి రాశారు. 1847లో ఎ.డబ్ల్యు. ఆండర్సన్ అనే వైద్యుడు పుండులోంచి వెంట్రుకలు బయటికి తీసిన సంగతి బోస్టన్ వైద్యపత్రికకు రాసి పంపారు. 1880లో అదే పత్రికలో బోస్టన్ సర్జన్ ఆర్.ఎం. హాడ్జెస్ దీనికి ఇప్పుడు మనం వాడే పేరు పెట్టారు. ముగ్గురూ వెంట్రుకలను చూశారు. ఆ వెంట్రుకలు అక్కడికి ఎలా చేరాయన్న దగ్గర వైద్యలోకం చాలాకాలం పొరబడింది.

పందొమ్మిదో శతాబ్దం చివరికల్లా ఒక నమ్మకం స్థిరపడిపోయింది. తల్లి కడుపులో పిండం తయారయ్యేటప్పుడు వెన్ను చివర మూసుకోకుండా మిగిలిపోయిన గొట్టమో, లోపలికి మడతపడిన చర్మమో ఈ జబ్బుకు మూలమని అనుకున్నారు. పుట్టుకతో వచ్చినదైతే అందులో ఏ కాస్త ముక్క మిగిలినా మళ్లీ పెరుగుతుంది. కాబట్టి మొత్తం పెకలించాలి. ఎంతవరకు పోయిందో కనిపించదు కాబట్టి చుట్టుపక్కలంతా, ఎముక మీది పొర తగిలేదాకా తీసేయాలి. ఆ సిద్ధాంతంలోంచి పుట్టిందే ఆ పెద్ద కోత. సైన్యపు ఆసుపత్రుల్లో కుర్రాళ్ల వీపుల కింద గుంటలు తవ్వింది కూడా అదే. అంత తవ్వినా జబ్బు తిరగబెట్టేది. తిరగబెడితే ‘ఇంకా కొంచెం మిగిలిపోయింది’ అనుకుని, రెండోసారి ఇంకా పెద్ద కోత పెట్టేవాళ్లు.

దీన్ని నిలదీసింది మళ్లీ అదే మిడిల్‌సెక్స్ ఆసుపత్రి. 1946లో అక్కడి సర్జన్ డేవిడ్ పేటీ, పాథాలజిస్టు రాబర్ట్ స్కార్ఫ్ ‘లాన్సెట్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. పుట్టుకతో వచ్చినదాన్ని సమూలంగా తీసేశాక కూడా అక్కడే మళ్లీ ఎలా పుట్టుకొస్తోందన్నది వాళ్ల ప్రశ్న. వెంట్రుక అక్కడ పెరగడం లేదు, బయటినుంచి గుచ్చుకుని లోపలికి పోతోందన్నది వాళ్లు చెప్పిన జవాబు. రెండేళ్లకు, 1948లో, అదే జబ్బును వాళ్లు ఒక క్షురకుడి చేతిలో చూపించారు. అతని వేళ్ల మధ్య పల్చటి చర్మంలో వెంట్రుకలు దిగి, అచ్చం ఇలాంటి పుండే కట్టింది. వేళ్ల సందున పుట్టుకతో వెన్నుగొట్టం మిగిలిపోవడం అసాధ్యం. గిరాకీల తల మీంచి రాలిన తునకలే ఆ చేతిని పుండు చేశాయి.

మన ఊళ్లలో సెలూన్ నడిపే నాయీ బ్రాహ్మణ సోదరులకు ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. రోజంతా తడి చేతులతో, మెత్తబడిన చర్మంతో, కత్తిరించిన మొనదేలిన వెంట్రుకల మధ్య పనిచేసేవాళ్లు వాళ్లు. గిరాకీకీ గిరాకీకీ మధ్య వేళ్ల సందులు శుభ్రంగా కడిగి, ఆరబెట్టుకోవడమే దీనికి కాపు. పనివల్ల వచ్చే జబ్బుల జాబితాలో ఇదీ ఒకటని వాళ్లకు తెలియాలి.

కొన్నేళ్ల క్రితం, 2018లో, జర్మనీ పరిశోధకుల బృందం ఈ పుండ్లలోంచి తీసిన వెంట్రుకలను సూక్ష్మదర్శినిలో పరీక్షించింది. వాటిలో చాలావాటికి కుదుళ్లు లేవు. కొసలు పదునుగా, కత్తెర తెగ్గొట్టినట్టు ఉన్నాయి. తల మీంచి రాలి, వీపు మీదుగా జారి, పిరుదుల గాడిలో చేరిన తునకలే ఎక్కువని వాళ్లు తేల్చారు. కూర్చుని లేస్తూ, ఒరుసుకుంటూ ఉంటే ఆ తునక సూదిలా లోపలికి దిగుతుంది. దిగిన చోట ఒక చిన్న గుంట పడుతుంది. లోపల వెంట్రుకల చుట్టూ చీము చేరి దారి చేసుకుంటుంది. ఆ దారి ఎక్కడో పక్కన చర్మాన్ని చీల్చుకుని బయటపడుతుంది. పైన ఒకటో రెండో చిన్న రంధ్రాలే ఉన్నా లోపల చెదపుట్టలా దారులు ఎటైనా పోయి ఉండవచ్చు.

ఆ దారులు ఎటు పోయాయో తెలుసుకోవాలన్న తపన మన నేల మీద చాలా పాతది. లోపలికి గొట్టంలా పోయే పుండును సుశ్రుత సంహిత నాడీవ్రణం అంటుంది. దాని దారి వెతకడానికి ఏషణి అనే సలాకను చెప్పింది. నాడీవ్రణాలను వర్గీకరిస్తూ, బయటి వస్తువు లోపల చిక్కుకోవడం వల్ల వచ్చేదాన్ని శల్యజమని వేరుగా చూపింది. సుశ్రుతుడు సరిగ్గా ఈ జబ్బు గురించే రాశాడని నేను అనను. అయితే ఇలాంటి పుండుకు లోపల ఏదో గుచ్చుకుని ఉండటం కారణం కావచ్చునన్న ఆలోచన ఎంత పాతదో చూడండి. మందు పట్టించిన దారాన్ని ఆ దారిలోకి ఎక్కించి, అదే కొద్దికొద్దిగా కోసుకుంటూ, మాన్పుకుంటూ వచ్చేలా చేసే క్షారసూత్ర పద్ధతి కూడా అక్కడిదే. 1960ల్లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పి.జె. దేశ్‌పాండే దాన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చారు. ఇవాళ ఆయుర్వేద శల్య వైద్యులు మలద్వారం పక్కన వచ్చే భగందరంతోపాటు పైలోనైడల్ సైనస్‌కు కూడా దాన్ని వాడుతున్నారు.

సలాకతో ఒక చిక్కుంది. గట్టిగా తోస్తే మెత్తటి కొవ్వులో అదే కొత్త దారి చేసేస్తుంది. మెల్లగా తోస్తే మలుపు దగ్గర ఆగిపోతుంది. అందుకే ఆధునిక సర్జన్లు మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు ద్రవాన్ని రంధ్రంలోకి ఎక్కించి, నీలం అంటిన మేరా కోయడం అలవాటు చేసుకున్నారు. నేటికీ చాలా ఆపరేషన్ థియేటర్లలో జరిగేది ఇదే. చీము గడ్డకట్టి ఉన్న కొమ్మలోకి, వెంట్రుకలు కుక్కుకుపోయిన మూలలోకి రంగు వెళ్లకపోవచ్చు. ఎక్కువ ఒత్తిడితో ఎక్కిస్తే జబ్బు లేని చోటుకు కూడా పాకుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన లోటు మరొకటి. రంగు ఎక్కడిదాకా పోయిందో కత్తి పెట్టాక గానీ కనిపించదు. ఏ ఆపరేషన్ చేయాలో నిర్ణయించుకునే వేళకు ఆ సమాచారం చేతిలో ఉండదు.

పేటీ, స్కార్ఫ్‌ల తర్వాత ఆపరేషన్ల తీరు మారడం మొదలైంది. గ్రీసు సైనిక సర్జన్ జార్జ్ కారిడాకిస్ 1973లో తన పద్ధతిని ప్రకటించారు. మధ్యగీత మీద కుట్టు పడితే అక్కడే మళ్లీ వెంట్రుకలు దిగుతాయి కాబట్టి, కోతనూ కుట్టునూ ఒక పక్కకు జరిపి, గాడి లోతు తగ్గించారు. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలోని యూజీన్ పట్టణపు సర్జన్ జాన్ బాస్కమ్ 1980లో, మధ్యలోని చిన్న గుంటలను మాత్రమే బియ్యపుగింజంత కోతలతో తీసేసి, లోపలి చీమును పక్కనుంచి శుభ్రం చేస్తే చాలని చూపించారు. ముదిరిన జబ్బుకు ఆయనే గాడిని చదును చేసే మరో పద్ధతి కూడా రూపొందించారు. లెనిన్‌గ్రాడ్ సర్జన్ అలెగ్జాండర్ లింబర్గ్ ఎప్పుడో లెక్కగట్టిన సమచతుర్భుజపు చర్మపు అతుకు ఈ జబ్బుకు కూడా పనికొచ్చింది. 2010ల్లో ఇటలీ సర్జన్ పియర్‌కార్లో మైనేరో సన్నటి కెమెరా గొట్టాన్ని రంధ్రంలోంచే లోపలికి పంపి, వెంట్రుకలు ఏరి, దారిని కాల్చి శుభ్రం చేసే పద్ధతిని ముందుకు తెచ్చారు.

ఇన్ని పద్ధతులు చేతికొచ్చాక సర్జన్ ముందున్న ప్రశ్న మారింది. ‘అంతా తీసేయాలా’ అన్నది పోయి, ‘ఈ మనిషికి ఏది సరిపోతుంది’ అన్నది వచ్చింది. ఒకే దారి, పైపైనే ఉంటే బాస్కమ్ చిన్న కోత సరిపోవచ్చు. కొమ్మ ఎడమకు పోయి ఉంటే కారిడాకిస్ కోత ఎడమకే జరగాలి. రెండు పక్కలా పాకి ఉంటే చర్మపు అతుకు గురించి ఆలోచించాలి. ప్రతి నిర్ణయానికీ ముందు ఒక పటం కావాలి. ఆ పటం గీసే పని మా స్కానింగ్ గదికి వచ్చింది.

అల్ట్రాసౌండ్ కథ కూడా 1880లోనే మొదలవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. హాడ్జెస్ బోస్టన్‌లో ఈ జబ్బుకు పేరు పెట్టిన ఏడాదే పారిస్‌లో జాక్, పియర్ క్యూరీ సోదరులు, కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటిలో విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. దానికి తిరగేసిన గుణం కూడా ఉంది. విద్యుత్తు ఇస్తే ఆ స్ఫటికం కంపిస్తుంది, శబ్దాన్ని పుట్టిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో సముద్రం కింద జలాంతర్గాములను వెతకడానికి పాల్ లాంజెవాన్ ఈ గుణాన్ని వాడుకున్నారు. తర్వాత కర్మాగారాలవాళ్లు లోహంలో దాగిన పగుళ్లు పట్టడానికి తీసుకున్నారు. 1955లో గ్లాస్గో ప్రసూతి వైద్యుడు ఇయాన్ డోనల్డ్ ఆపరేషన్లలో తీసిన కణుతులను, నీటితిత్తులను కారులో వేసుకుని రెన్‌ఫ్రూలోని బాయిలర్ల కర్మాగారానికి వెళ్లారు. అక్కడ లోహపు పగుళ్లు చూసే యంత్రంతో వాటిని పరీక్షించారు. గట్టి కణితికీ నీటితిత్తికీ ప్రతిధ్వని తేడా స్పష్టంగా తెలిసింది. 1958లో ఇంజనీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మెక్‌వికార్‌తో కలిసి ఆయన ‘లాన్సెట్’లో ప్రకటించిన వ్యాసంతో అల్ట్రాసౌండ్ వైద్యంలోకి గట్టిగా అడుగుపెట్టింది.

మరి కడుపులో బిడ్డను చూడగలిగిన యంత్రానికి చర్మం కింది పుండును చూడటానికి ఇంతకాలం ఎందుకు పట్టింది? శబ్దపు పౌనఃపున్యం తక్కువైతే అది లోతుకు పోతుంది, సన్నటి వివరాలు మాత్రం ఇవ్వదు. పౌనఃపున్యం పెరిగితే వివరం పెరుగుతుంది, లోతు తగ్గుతుంది. కడుపు స్కానింగ్‌కు 3 నుంచి 5 మెగాహెర్ట్జ్ ప్రోబు (శబ్దం పంపి, ప్రతిధ్వని అందుకునే పిడి) వాడతాం. వెంట్రుక కనిపించాలంటే 10, 15, అంతకన్నా ఎక్కువ కావాలి. అలాంటి చదునైన ప్రోబులు థైరాయిడ్ కోసం, రొమ్ము కోసం, రక్తనాళాల కోసం వచ్చి, మామూలు స్కానింగ్ సెంటర్లకు చేరాక గానీ ఈ పుండు వైపు ఎవరి చూపూ మళ్లలేదు. ఈ జబ్బు సాధారణంగా చర్మానికీ ఎముక మీది పొరకూ మధ్య కొవ్వులోనే ఉంటుంది. ఆ ప్రోబు బాగా చూడగలిగిన లోతు సరిగ్గా అదే.

2009లో అంకారాలోని తుర్కీ సైనిక వైద్యవిద్యాలయ సర్జన్లు ఈ విషయాన్ని పరీక్షించి, పైలోనైడల్ సైనస్ కొలతలనూ ఆకారాన్నీ అల్ట్రాసౌండ్ కచ్చితంగా చెప్పగలదని ప్రకటించారు. అమెరికన్ జీపుల దగ్గర మొదలుపెట్టి కారిడాకిస్ మీదుగా అంకారా దాకా, ఈ జబ్బు గురించి పట్టుదలగా ఆలోచించినవాళ్లలో సైన్యపు వైద్యులు ఇంతమంది ఉండటంలో వింత లేదు. ఇది వయసు కుర్రాళ్ల జబ్బు. యవ్వనంలో మొదలై, నలభై దాటాక అరుదవుతుంది. కుర్రాళ్లు గుంపుగా, రోజుల లెక్కతో దొరికే చోటు సైన్యం. మన దగ్గర అదే వయసువాళ్లు విడివిడిగా, ఒక్కొక్కరూ తమ జీతం కోసుకుంటూ మంచం పడతారు కాబట్టి ఆ లెక్క ఎవరికీ కనిపించదు.

ఈ స్కాన్ ఎలా చేస్తానో చెబుతాను. మనిషి బోర్లా పడుకుంటాడు. పైనున్న రంధ్రాలన్నీ ముందు కళ్లతో చూసి లెక్కపెడతాను. తర్వాత గోరువెచ్చని జెల్ మందంగా రాసి, ప్రోబును చర్మానికి తగిలీ తగలనట్టు ఆనిస్తాను. గట్టిగా నొక్కితే సన్నటి దారి మూసుకుపోయి కనిపించదు. నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి నడిపిస్తాను. కొవ్వు బూడిదరంగులో కనిపిస్తుంటే, పుండు దారి నల్లటి చారలా దాని మధ్య తెలుస్తుంది. అందులో మెరిసే సన్నటి గీతలు వెంట్రుకలు. వేలితో మెల్లగా ఒత్తితే చీము కదులుతూ కనిపిస్తుంది. డాప్లర్ వేస్తే చుట్టూ రక్తప్రసారం ఎంత పెరిగిందో, అంటే వాపు ఇంకా ఎంత వేడిగా ఉందో తెలుస్తుంది. బాగా వేడి మీదుంటే ముందు చీము తీసి, అది చల్లారాక అసలు ఆపరేషన్ చేయడం మేలని సర్జన్ అనుకోవచ్చు.

రిపోర్టులో పొడవు, వెడల్పు, లోతు మాత్రమే రాసి ఊరుకోను. మధ్యగీతకు ఎటు పక్కకు, ఎంత దూరం పోయింది, కొమ్మలు ఎన్ని, ఎముక మీది పొర ఎంత దూరంలో ఉంది, కింద మలద్వారం వైపు దిగుతోందా అన్నది కూడా రాస్తాను. ఈ చివరిది చాలా ముఖ్యం. మలద్వారం వైపు పోయే దారి భగందరం కావచ్చు. దాని వైద్యం వేరు. అనుమానం వస్తే ఎంఆర్ఐ తీయించమంటాను. ఈ స్కాన్‌కూ పరిమితులున్నాయి. పుండు లోపల గాలి చేరితే ప్రతిధ్వని చెదిరిపోతుంది. పాత ఆపరేషన్ల మచ్చ గట్టిపడి ఉంటే మచ్చ ఏదో దారి ఏదో విడదీయడం కష్టం. చేసే చేతిని బట్టి ఫలితం మారుతుంది. అందుకే నాకు సందేహం ఉన్న చోట సందేహమనే రాస్తాను.

అన్నిటికన్నా పనికొచ్చేది మార్కర్ పెన్ను. స్కాన్ చూస్తూనే చర్మం మీద దారుల గీతలు గీస్తాను. వీలైతే ఆపరేషన్ చేసే సర్జన్‌ను కూడా గదికి రమ్మంటాను. యంత్రాన్నే థియేటర్‌కు తీసుకెళ్లవచ్చుగా అనిపించవచ్చు. మన దేశంలో ఆడపిల్లల భ్రూణహత్యలు ఆపడానికి 1994లో చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రానికీ రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఇష్టమొచ్చిన చోటికి దాన్ని తీసుకుపోవడానికి వీల్లేదు. ఆ చట్టం మన ఆడపిల్లల ప్రాణాలకు కాపలా, దాన్ని మనసారా సమర్థిస్తాను. యంత్రం థియేటర్‌కు వెళ్లలేకపోతే సర్జన్ యంత్రం దగ్గరికి రావచ్చు. అలా వచ్చి, తెర మీద కొమ్మలను తన కళ్లతో చూసి, “ఇది పైపైనే ఉంది మేడమ్, చిన్న కోతతో పోతుంది” అని మనసు మార్చుకున్న సర్జన్లు ఉన్నారు. చిన్నదనుకున్న పుండు రెండు పక్కలా పాకి ఉందని చూసి, ఇంటివాళ్లను పిలిచి ముందే వివరంగా చెప్పినవాళ్లూ ఉన్నారు. రెండూ రోగికి మేలే.

స్కాన్ తీస్తే జబ్బు తిరగబెట్టదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కుట్టు ఎక్కడ పడింది, ఆ తర్వాత ఆ చోటిని వెంట్రుకలు లేకుండా ఎంత శుభ్రంగా ఉంచుకున్నారు అన్నవాటి మీద కూడా అది ఆధారపడుతుంది. ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది సర్జన్ విజ్ఞతకు వదిలేయాలి. నా పట్టుదల ఒక్క విషయంలోనే. వందేళ్లపాటు ఈ జబ్బులో కోత ఎంత ఉండాలో లోపల ఏమైనా మిగిలిపోతుందేమోనన్న భయం నిర్ణయించింది. చూడటానికి సాధనం లేని కాలంలో ఆ భయాన్ని తప్పుపట్టలేం. ఇప్పుడు ఆ సాధనం చిన్న పట్టణంలోని స్కానింగ్ సెంటర్‌లో కూడా ఉంది. రేడియేషన్ లేదు, సూది లేదు, ఎంఆర్ఐతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ.

కాబట్టి ఈ జబ్బుకు ఆపరేషన్ చేయించుకోబోయే ప్రతి కుర్రాడికీ, వాళ్ల అమ్మానాన్నలకూ నేను చెప్పేది ఇది. సంతకం పెట్టే ముందు మీ సర్జన్‌ను అడగండి: స్కాన్ తీయిద్దామా సార్? లోపల ఎంత దూరం పోయింది? ఎటు పక్కకు పోయింది? ఈ కోతే ఎందుకు? అడగడం ఆయన్ని శంకించడం కాదు. మంచం మీద పడే ప్రతి రోజూ మీ జీతంలోంచి, మీ ఈఎంఐలోంచి పోయే రోజు. అది ఎందుకు పోతోందో తెలుసుకునే హక్కు మీకుంది.